పదకొండో పేజీలో తాడు

పుంతా అరేనాస్‌లో జూన్ నెల.
నాలుగున్నరకే పొద్దు గూకింది.
తగరపు కప్పుల మీద గాలి
అప్పులవాడిలా బాదుతోంది.

కట్టెల పొయ్యి పక్కన కూచుని
నా నవల చదువుతున్నాను.
వినేవాడు ఒక్కడే, మా మరిది ఓస్వాల్దో.
జలసంధిలో ముప్పయ్యేళ్లు టగ్గు బోటు మీద పనిచేసినవాడు,
కుడిచేతికి మూడే వేళ్లు.

కథలో నావికుడు తెరచాప కొయ్య మీంచి జారాడు.
జారుతుండగా నేను
మబ్బుల రంగు చెప్పాను, తాడు పేనిన తీరు చెప్పాను,
తాడుకి పూసిన తారు వాసన,
ఆ తారు కాచిన ఊరు,
ఆ ఊళ్లో కుంటి కమ్మరి, కమ్మరి రెండో పెళ్లాం...

"వదినా," అన్నాడు, మాతే కషాయం కింద పెట్టి,
"వాడు ఎనిమిదో పేజీలో జారాడు.
ఇది పదకొండు.
ఇంకా నీళ్లు తగల్లేదు పాపం.
ఈపాటికి గడ్డం పెరిగుంటుంది."

ఆ రాత్రే కత్తెర పట్టాను.
కమ్మరి పోయాడు. పెళ్లాం పోయింది. మబ్బులు పోయాయి.

జారాడు.
పడ్డాడు.
అల లేచింది.
తాడు విసిరారు.
పట్టాడు.

వచ్చే గురువారం చదివితే
కోటు కూడా విప్పకుండా విన్నాడు.
"పరుగైతే బాగుంది. ఎక్కడ పరిగెత్తిందో తెలీలేదు.
ఇది మన సముద్రమే కానక్కర్లేదు,
స్నానాల తొట్టి అయినా సరిపోతుంది."

నాకు ఒళ్లు మండింది.
"నీ వేళ్లు తెగినప్పుడు ఏం చూశావో నువ్వు చెప్పు మరి!"

పదహారేళ్లలో ఎవరూ అడగని మాట.
నాలుక కరుచుకున్నాను.
అతను మాత్రం నెమ్మదిగా కోటు విప్పాడు.

"ఏం చూస్తాను? తీరికేదీ?
లాగుడు తాడు బిగిసింది, మధ్యలో నా చెయ్యి.
డెక్కు మీద ఎవడో సగం వలిచిన నారింజ
దొర్లుకుంటూ అంచుకి పోతోంది.
పడుతుందా, పడదా అని చూశాను.
అంతే."

"పడిందా?"

లేచి పొయ్యిలో ఓ మొద్దు వేశాడు.
ఆ పొద్దున మంచు ఆలస్యంగా విడిందన్నాడు.
డీజిలు వాసనకి కెప్టెన్ దగ్గేవాడట,
ఎప్పుడూ మూడుసార్లే, లెక్కపెట్టినట్టు.
వంటవాడు చిలోయే దీవివాడు,
బంగాళాదుంపల్ని పేర్లు పెట్టి పిలిచేవాడట.
తొక్క ఒకవైపు వేలాడుతుంటే
ఆ నారింజ తిన్నగా పోదు, వంకరగా పోతుందట.

ఒక్క మాటకీ అడ్డు రాలేదు నేను.
కషాయం చల్లారిపోయింది.
ఆ దుంపల పేర్లు కూడా చెప్పమని అడగాలనిపించింది,
ఇంకా ఆ పండు అంచు మీదే ఉంది కదా.

అప్పుడు నా మొహం చూసి నవ్వాడు, దొంగ.

"పడలేదు. వంటవాడు తీసి,
చొక్కాకి తుడిచి, తినేశాడు."

అతను వెళ్లాక
నావికుణ్ణి మళ్లీ కొయ్య ఎక్కించాను.
తారు వాసన కిందే చూపించాను, వాడింకా మెట్ల మీద ఉండగా.
కుంటి కమ్మరిని వెనక్కి పిలిచాను,
తాడుకి బిగించిన కొక్కెంలో సన్నటి పగులు
అతనికొక్కడికే తెలుసు,
ఒడ్డున తాగి పడుకున్నాడు.
రెండో పెళ్లాం మాత్రం రానంది.

వాడు జారేటప్పుడు
ఏం చూస్తాడో ఇంకా రాయలేదు.
తెల్లారబోతోంది, అంటే తొమ్మిదవుతోంది.
కప్పు మీద రేకు ఒకటి ఊడి
ఒక మేకు మీద వేలాడుతున్న చప్పుడు.

కలం ఆపి
వింటున్నాను.