లెక్క తప్పిన మధ్యాహ్నం

జొహర్ నమాజు అయినంక
బార్కస్‌ల మా ముందర్ర తెల్లదుప్పటి పరిచి
ముజ్నా అత్త పాత డాల్డా డబ్బా బోర్లించింది.
జలజల చింతగింజలు.
మూడు తరాల వేళ్లు తాకీ తాకీ
కాటుక పూసినట్టు నిగనిగ.

ఆయతె కరీమా. లక్షా ఇరవై ఐదు వేల సార్లు.
చేప కడుపుల చిక్కిన యూనుస్ నబీ
చీకటి లోపల్నించి పిలిచిన పిలుపు.
గింజకొక్కసారి చదవాలె.
చదివినవి కుడిదిక్కు, చదవాల్సినవి ఎడమదిక్కు.
డబ్బా ఒక్కసారి తిరిగితే వెయ్యి,
తలుపు మీద ఉమ్మెహానీ సుద్దముక్క గీత.

తాయిజ్‌ల ఉన్న అత్త చెల్లె ఫాయిజా
పదకొండు రోజులాయె, ఫోనెత్తదు.
ముత్తాత ఓడెక్కి నిజాం ఫౌజుకొచ్చిన దేశానికి
పెండ్లిబట్టలల్ల ఎనక్కి పోయిన మనిషి.
ఆఖరి వాయిస్ మెసేజ్ ఇరవై సెకన్లు.
అండ్ల పదిహేడు, ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడు.
మిగిలిన మూడు:
"అక్కా, పిండి కలిపి పెట్టిన..."
ఏం పిండో. ఎవరికో.
మేం పంపినవన్నీ ఒంటి టిక్కు.

నేను మిర్యాలగూడ పిల్లను.
ఈ ఇంటి కోడలినై పన్నెండేండ్లు.
దువా అరబ్బీల చేస్త, కూరగాయలు ఉర్దూల కొంట,
దుఃఖం మాత్రం నాకు తెలుగులనే వస్తది.
గింజ పట్టుకున్న ప్రతిసారీ
మా అమ్మ గొంతే లోపల:
అల్లా, జెర్ర అటు దిక్కు చూడు.

మధ్యల బద్రియా చెయ్యి ఆపింది.
పోయినేడు ఆమె కొడుకు దవాఖానల ఉన్నప్పుడూ
ఇవే గింజలు, ఇదే దుప్పటి.
పిల్లగాడు దక్కలేదు.
"ఖాలా, ఆ చేపకు
ఎవరిని మింగాలె, ఎప్పుడు కక్కాలె, చెప్పినోడున్నడు.
ఈ విమానాలకు?"

ఫ్యాన్ తిరుగుతున్నది.
గల్లీల జాంపండ్ల బండాయన కేకేసి
సందు మలిగిపోయిండు.
నాకు తోచిన జవాబులన్నీ
పుస్తకాలల్లవే, నావి కావు.
అత్త తలెత్తలేదు.
"గింజ తియ్యి, బద్రియా" అన్నది.
కోపంగ కాదు.
రెండు రోజులు పస్తున్న మనిషిని
బువ్వ తినుమన్నట్టు.

గప్పుడే నిద్ర లేచిన నా బిడ్డ ఇఫ్రా
రెండు కుప్పలూ కలిపేసి
గుడ్ల ట్రేల వామనగుంటలు మొదలుపెట్టింది.
మా అమ్మ నేర్పిన ఆట.
నేను ఉరికి చెయ్యి పట్టేసరికి
చదివినవేవో, చదవనివేవో.
పైగా దాని గౌను రాసుకుని
తలుపు మీద గీతలు సగం చెరిగినయి.
నలభై ఒకటంటది ఉమ్మెహానీ,
ముప్పై తొమ్మిదే అంటది తస్నీమ్,
నువ్వు నడుమ చాయ్‌కి పోయినవని ఒకరు,
నువ్వు రెండేసి జరిపినవని ఇంకొకరు,
లొల్లి.

నవ్వు ఎవరిదా అని చూస్తే అత్త.
పదకొండు రోజులకు పండ్లు కనబడ్డయి.
నవ్వి నవ్వి దుపట్టతోని కండ్లు తుడుచుకొని
చానాసేపు దుపట్ట తియ్యలేదు.
తర్వాత అన్నది:
"ఏది చదివిందో ఆయనకెరుక.
ముందటి నుంచి పట్టుండ్రి.
ఎక్కువైతే కానీయి.
పేరు తెల్వనోళ్లు ఎంతమంది లేరు ఆ మెట్ల కింద."

బద్రియా ఏమనలేదు.
జవాబు దొరికినట్టూ లేదు ఆమె మొఖం.
ఇఫ్రా గుంటలకెళ్లి ఒక గింజ తీసింది,
పెదవులు కదిలినయి.

రాత్రి రొట్టెలకు పిండి పిసుకుతుంటే
మోచేతి మడతల అతుక్కొని ఒక గింజ.
చదివిందో కాదో.
పిండి చేతులతోనే
ఇంకోసారి చదివిన.

ఫోన్ల ఇంకా ఒంటి టిక్కే.
గిన్నెల పిండి, తడిబట్ట కింద,
ఊపిరి తీస్తున్నట్టు
జెర్ర పొంగింది.