జిల్లా పేజీ, కింద మూల

జూట్‌మిల్లు జట్టులో తవిటయ్య కూతకెళ్తే
రాజాంలో గోనెసంచుల మీద కూకున్నోళ్లంతా
ఊపిరి బిగబట్టీవోరట.
నాను సూడలేదు.
నానెరిగింది, మోకాలికి కట్టుతో
ఈలేసే మాస్టార్నే.
"గీత ముట్టేదాకా నోరాగకూడదురా, గుంటడా!"

రాత్రి అదే మోకాలి మీద ప్యాడ్ పెట్టి
పేపరుకి వార్త రాసీవోరు.
ఐదు వాక్యాలు దాటితే డెస్కు కోసీస్తాది.

బొబ్బిలి ఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిపోనాం.
తెల్లారి భయంభయంగా పేపరు తిప్పేను.
నా జారిన కాలు ఊసే లేదు.
"ఆఖరి కూతకి అలిసిపోయిన కుర్రాణ్ణి పంపడం
శిక్షకుడి తప్పు."
పైన: రాజాం, మా విలేకరి.

టీకొట్టు కాడ అడిగితే
పకోడీ నూనె అంటిన ఆ కాగితంతోనే
చేతులు తుడుసుకుని అన్నారు:
"ఆరో వాక్యం కోసీసినార్రా.
అందులో నీ పేరుంది."