నాలుగో గడి

వేట నిషేధం కదా, ఐస్ ఫ్యాక్టరీలో మిల్లు తిరగడం లేదు.
జెట్టీకి కట్టేసిన బోట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ
రాత్రంతా పళ్ళు కొరుకుతున్నాయి.
గుమస్తాకి జీతం సగం, నెట్ మాత్రం నిండుగా.

దిమ్మల లెక్కలు రాసే పుస్తకం వెనక్కి తిప్పి
స్కేలు పెట్టి గళ్ళు గీశాను.
పేర్లు రాయలేదు, పేర్లు నెలకోసారి మారతాయి.
బొమ్మలు గుర్తుపెట్టుకున్నాను:
నీలం పిట్ట, గుడ్లగూబ, మూడు మూలల నాణెం.

నీలం పిట్ట నూటికి నాలుగున్నర కొరుకుతుంది,
రెండో రోజుకి సొమ్ము ముట్టజెబుతుందంటారు.
ఆధార్ అడుగుతుంది, పాన్ అడుగుతుంది,
ఫోను ముందు తల ఎడమకి తిప్పమంటుంది, కుడికి తిప్పమంటుంది.
తిప్పాను.
పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

గుడ్లగూబకి నూటికి రెండే.
కానీ వచ్చినదాంట్లో పదో వంతు
ఆరునెలలు తన గూట్లో దాచుకుంటుంది,
ఎవడైనా ఏడిస్తే వెనక్కివ్వడానికట.
ఎంతమంది ఏడుస్తారో ముందే లెక్కగట్టిన పిట్టని చూసి
నాకు భయం వెయ్యాలి.
వెయ్యలేదు. ‘జాగ్రత్తపరుడు’ అని రాసుకున్నాను,
కింద రెండు గీతలు కూడా కొట్టాను.

నాణానికి రుసుము లేదు, ప్రశ్న లేదు, తల తిప్పే పని లేదు.
వెళ్ళింది వెళ్ళినట్టే.
డాల్ఫిన్స్ నోస్ అవతల సముద్రంలోకి రాయి విసిరితే
చప్పుడు ఇటు వినపడదు, అలాగ.

రోజుకి ఒకటిన్నర శాతం ఇస్తానన్న ఆ కంపెనీ ఉందే,
అసలు డబ్బు చేరవలసిన చోటు,
దానికి ఒక్క గడీ గియ్యలేదు నేను.
మూడు తక్కెడలూ మార్చి మార్చి చూశాను,
చేపని వాసన చూడలేదు.

అది చూసింది కాసులమ్మ పిన్ని.
పూర్ణా మార్కెట్లో గట్టు ఖాళీ, చేతిలో బుట్ట లేదు,
బుట్ట లేకపోతే ఆవిడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
నా బల్ల మీద పెట్టింది.
“ఏటిరా ఈ గీతలు?”

చెప్పాను, ఒక్కో బొమ్మా, ఒక్కో శాతం.
“అయితే ఈళ్ళు మోతగాళ్ళన్నమాట.
సేప కుళ్ళిపోయినా మోతకూలి మోతకూలేగదేటి.”
పుస్తకం తన వైపు తిప్పుకుంది, చదువు రాదు, అయినా.
“మరి సేపేదిరా?”

నేను ఫ్యాను వైపు చూశాను.

“నా డబ్బులు ఎవుడు మోత్తన్నాడు ఇప్పుడు?”
“ప్రాసెసింగ్‌లో ఉన్నాయి పిన్నీ.”
ఆ మాట అనడం పదకొండోసారి.
“బోట్లకయితే అరవయ్యొక్క రోజులని గోరమెంటోడు సెప్పీసేడు.
తొమ్మిది రోజుల్లో బోట్లెల్తాయి, తిరిగొచ్చాక పాట కట్టాల.
నీ పాసెసింగుకి ఎన్నిరోజులో ఎవుడు సెప్తాడు?”

తిట్టలేదు. తిడితే బాగుండేది.
చెప్పులీడ్చుకుంటూ ఐసు లేని అరుగు దిగి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి మళ్ళీ స్కేలు పెట్టాను.
నాలుగో గడి.
బొమ్మ: ఖాళీ థర్మోకోల్ పెట్టె మీద కూచున్న మనిషి.
రుసుము: ముందు చెప్పలేదు.
ముప్పై ఎనిమిది వేలలో ముప్పై ఐదే పంపాడు,
మిగతా మూడూ తన సెల్లు కిస్తీకి.
రోజులు: డెబ్బై, ఇంకా నడుస్తున్నాయి.
ఏడిస్తే ఇవ్వడానికి గూట్లో దాచింది: సున్నా.
వెరిఫికేషన్: ఆధార్ అడగలేదు, పాన్ అడగలేదు,
తల ఇటూ అటూ తిప్పమనలేదు ఆవిడ.
ఎండునెత్తళ్ళ వాసనేసే నోట్లు కొంగులోంచి తీసి
నా మొహం చూసి ఇచ్చింది.

సెల్లు అమ్మితే పన్నెండు వేలు రావచ్చు.
జగదాంబ దగ్గర సందులో ఒకడు కొంటాడు, బిల్లు లేకపోయినా.
ముందు ఫోటోలు తీసెయ్యాలి:
తల ఎడమకి తిప్పినది,
కుడికి తిప్పినది.