మూడు కడ్డీలు

నా గదిలో ఒక పెట్టె.
లోపల దీపం, మూడు నల్ల కడ్డీలు.
పక్కవి రెండూ కదలవు.
నడిమిది ముందుకొస్తుంది, వెనక్కి పోతుంది,
చెప్పాలా వద్దా అని తేల్చుకోలేని మాటలా.
మూడూ ఒకే వరసలోకి వచ్చాయనిపించగానే
మీట నొక్కాలి. మూడుసార్లు.
సగటు తేడా రెండు సెంటీమీటర్లు దాటకపోతే
జనాన్ని ఎక్కించుకోవచ్చు.

హకొదాతె లైసెన్సు ఆఫీసులో పదకొండేళ్ళుగా
నేను చూసేది మనుషుల వీపులు.
పందొమ్మిదేళ్ళవాళ్ళు కూడా వస్తున్నారిప్పుడు,
డ్రైవర్లు దొరక్క వయసు తగ్గించారు.
మొన్నొక పిల్ల, జేబులో చాక్లెట్ కాగితం చప్పుడు చేస్తూ,
మూడుసార్లూ మూడు మిల్లీమీటర్లలోపే నొక్కి
"అంతేనా?" అంది.
అంతే, అన్నాను.
ఆ పిల్లకి బస్సు ఇంకా తెలీదు, దూరం మాత్రం తెలుసు.

ఇసురుగి గారు అరవైతొమ్మిదో ఏట వచ్చారు,
ఇస్త్రీ చొక్కా, కోటుకి కంపెనీ బిళ్ళ.
శియొకుబి దారిలో ఆరున్నర బస్సు ఆయనదే.
నేను రోజూ ఇంటికి పోయేది అందులోనే.
ఆయన నన్ను గుర్తుపట్టారు; పట్టనట్టే కూర్చున్నారు.
నేనూ అంతే.

రక్తపోటు కాగితం సరే. చెవులు సరే.
పొద్దున్నే డిపోలో గొట్టంలోకి ఊదే ఊపిరి
ముప్పయ్యారేళ్ళలో ఒక్కసారీ ఎర్రదీపం వెలిగించలేదట.
మొదటిసారి మూడు సెంటీమీటర్లు.
రెండోసారి రెండున్నర.
మూడోసారి సున్నా.

సున్నా ఎవరికీ రాదు.
గోడ అద్దంలో చూశాను కాబట్టి తెలిసింది:
ఆయన కళ్ళు మూసుకున్నారు.
కడ్డీ మధ్యకి వచ్చేటప్పుడు
మోటారులో పళ్ళచక్రం ఒకటి సన్నగా కీచుమంటుంది.
పదకొండేళ్ళుగా నాకు వినబడని కీచు.

మూడూ, రెండున్నరా, సున్నా.
మూడుతో భాగిస్తే రెండుకి లోపే.
ముద్ర నా చేతిలోనే ఉంది.

"కళ్ళు మూశారు," అన్నాను.

"మంచు విసిరికొట్టే రాత్రి తెరిచినా ఏం కనిపిస్తుందమ్మా?
పైన వేలాడే బాణం గుర్తులు కూడా మునిగిపోతాయి.
టైరు కింద చప్పుడు మారితే అంచు వచ్చినట్టు.
చెవితోనే తెచ్చాను మిమ్మల్నందర్నీ."

ఆ చివరి మాట దగ్గర మాత్రం నా వైపు తిరిగారు.

కడుపులో చల్లగా ఏదో జారింది.
ఎన్ని రాత్రులు ఆ బస్సులో
కిటికీకి తల ఆనించి నిద్రపోయానో!

ముద్ర సొరుగులో పెట్టేశాను.
కంటి డాక్టరుకి చీటీ రాసిచ్చాను.
ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టారు, చాలా నెమ్మదిగా,
కోపమొచ్చిన పెద్దమనిషి పెట్టే మడతలు.

పదహారు రోజులు ఆరున్నర బస్సుకి వేరే డ్రైవరు.
బ్రేకు వేస్తే కూరగాయల సంచులు దొర్లేవి.
చేపల మార్కెట్ తొకుయె అవ్వ
"ఆ మనిషిని ఆపిందెవరో!" అని
సీటు సీటుకీ వెళ్ళి అడిగింది.
నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

పదిహేడో రోజు కొత్త కళ్ళద్దాలతో వచ్చారు.
తొమ్మిది మిల్లీమీటర్లు, పదకొండు, ఎనిమిది.
మోటారుకి ముందే నూనె వేయించి పెట్టాను,
ఆ సంగతి ఆయన కనిపెట్టి చిన్నగా నవ్వారు.
ముద్ర వేశాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, చివరి స్టాపులో,
స్క్విడ్ పడవల దీపాలు నీళ్ళమీద వరసకట్టి ఉండగా,
దిగబోతుంటే ఆగమన్నారు.
"రోడ్డుకీ సముద్రానికీ మధ్య
ఇంత తక్కువ జాగా ఉందని
ఎవరూ చెప్పలేదేంటమ్మా నాకు?
ముప్పయ్యారేళ్ళు!"
చేతులు ఇంకా స్టీరింగు వదల్లేదు.

ఇప్పుడు ఆరున్నర బస్సు
మా ఊరు చేరేసరికి నాలుగు నిమిషాలు ఆలస్యం.
టైమ్ టేబుల్ మార్చమని అవ్వ కంపెనీకి ఉత్తరం రాసింది.
నేను సంతకం పెట్టాను.
కిటికీ పక్కన మాత్రం కూర్చోవడం లేదు.