దించేటప్పుడు

ఆదోని మార్కెట్ యార్డులో
లారీ మీంచి పడిన ఉరుకుందప్ప తొడలను
టేపుతో కొలిచాను.
కుడిది నలభై ఏడు. ఎడమది నలభై ఒకటి.
ఎనిమిది వారాల సిమెంటు కట్టు లోపల
ఆరు సెంటీమీటర్ల మనిషి కరిగిపోయాడు.

"యాడికి పాయెమ్మా?" అన్నాడు
ఎవరో ఎత్తుకుపోయినట్టు,
మంచం కింద కూడా ఒకసారి చూసుకుని.

ఎక్కడికీ పోలేదు. ఒళ్ళే తినేసింది.
పనికి రాని కండను
ఊరికే కూర్చోబెట్టి మేపదు శరీరం,
లెక్కల్లో మీ షావుకారు కన్నా గట్టిది.

చదివింది చెప్పడానికి మాటలు వెతుక్కుంటుంటే
అతని సంచిలోంచి తొంగిచూసింది
మూటలు లాగే ఇనప కొక్కెం,
చెమటకు నల్లబడిన చెక్కపిడితో.
బతికాననుకున్నాను.

ఇదిగో, ఇదే.
నీ తొడలో ఒక్కొక్క పోగు లోపల
ఇట్లాంటి కొక్కేలు లెక్కలేనన్ని.
నరం కబురు తెస్తుంది.
చిటికెడు సున్నం చల్లినట్టు కాల్షియం చిమ్ముతుంది.
పగ్గం మీద కప్పిన పట్టా పక్కకు జరుగుతుంది.
కొక్కెం తగులుకుంటుంది, మెడ వంచి లాగుతుంది,
వదిలి, రవ్వంత ముందుకు పోయి మళ్ళీ పట్టుకుంటుంది.
పగ్గం పొట్టిది కాదు, కొక్కెమూ అరగదు,
ఒకదాని పక్కన ఒకటి జారతాయంతే;
నీ మోకాలు లేస్తుంది.

"అన్నీ ఒకేపారి పట్టుకుంటాయా?"
లేదు. కొన్ని పట్టి ఉండగా కొన్ని వదులుతాయి.
"మా ముఠా లెక్కనే. అందరం ఒకేపారి వదిల్తే
మూట మీద పడతాది."

వదలడానికే కూలి ఇచ్చుకోవాలి వాటికి
అంటే మాత్రం నమ్మలేదు.
ఏటీపీ అని ఒక చిల్లర నాణెం
చేతిలో పడితేనే కొక్కెం ఊడేది.
చిల్లర అయిపోతే పట్టినచోటే బిగుసుకుంటుంది,
పోయినవాళ్ళ చేతులు బిగిసేది అందుకే.

ఫ్యాను చప్పుడు చాలాసేపు విన్నాం.

"మా యన్న మారెప్ప మిల్లులో పోయినపుడు
పిడికిలి ఇప్పలేకపోతిమి.
దాంట్లో వారం కూలి చీటీ ఉండె.
అట్లే పూడ్చితిమి."

ఆ తర్వాత ఏం చెప్పాలో నాకు పుస్తకం చెప్పలేదు.
మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి
నొక్కు, అన్నాను. పది లెక్కపెట్టు.

"లాభం... రెండు... మూడు..."

బోరాలు లెక్కపెట్టే గొంతే.
యార్డులో ఒకటి అనే అంకె లేదు కదా.

రెండో వారం చీలమండకు ఇసుకసంచి కట్టాను.
"క్వింటా ఎత్తినోన్ని,
మూడు కిలోలకి వణుకుతాండా సూడు!"
నవ్వుతూనే అన్నాడు, గోడ వైపు తిరిగి.

మూడో వారం అయిదు కిలోలు లేచాయి.
టేపు మాత్రం నలభై ఒకటే అంది.
కండ ఇంకా రాలేదు, ముందు కబురొచ్చింది.
ఆరుబయట పడుకున్న పోగులను
నరం మళ్ళీ పేరుపేరునా లేపుతోంది:
లెయ్యి, లారీ వచ్చింది.

ఆసుపత్రి మెట్లు ఎక్కించి దించిన మరునాడు
తొడ పట్టేసిందని తిట్టుకుంటూ వచ్చాడు.
ఎక్కినందుకు కాదు, దిగినందుకు.
బరువును ఆపుకుంటూ సాగే కండలో
కంటికి కనపడని చిరుగులు పడతాయి.
ఎవరో రాత్రిళ్ళు వచ్చి
కాస్త ముతక దారంతో కుట్టిపోతారు.
రెండు గుడ్లు తిను, నానబెట్టిన శనగలు తిను,
ఒకరోజు ఆగు.

"ఎత్తేది ఎవడన్నా ఎత్తుతాడమ్మా,
దించేదాంట్లో ఉండాది పనితనం."
మా పుస్తకంలో దీనికి నాలుగు పేజీలు పట్టింది.

పదకొండో వారం నలభై నాలుగు.
"ఇంకా మూడు బాకీ" అని చీటీ మీద రాయించుకుని
మళ్ళీ రాలేదు.

దసరా దాటాక యార్డు పక్కగా పోతూ చూశాను.
గాలంతా పత్తి నలుసులు.
లారీ తోక దగ్గర వీపు మీద బోరాతో అతను.
ఎడమ మోకాలు వంగుతోంది, మెల్లగా,
ఇంకా మెల్లగా.
నేను స్కూటీ ఆపి ఊపిరి బిగబట్టాను,
నా తొడల్లో కొక్కేలు వాటంతటవే తగులుకున్నాయి.
లాభం, రెండు, మూడు...

బోరా నేలను తాకిన చప్పుడు
నాకు వినపడలేదు.