పస్తు ప్రయాణం

రెండు రోజులు మేత పెట్టొద్దన్నాడు
కాశీబుగ్గలో రంగు చేపలమ్మే దాలినాయుడు.
"తిన్నదంతా ఆ సంచీలోనే గదమ్మా ఒదిలీది,
ఆ నీల్లే మల్లీ పీల్చాల."

ఒక వంతు నీళ్ళు, రెండు వంతులు గాలి.
సంచి మీద ఇంకో సంచి.
మూలలు మడిచి టేపు వెయ్యాలి,
లేకపోతే ఆ ఇరుకులో దూరి నలిగిపోతాయట.
చీకట్లో ఉంచితే నెమ్మదిగా ఉంటాయట.
అన్నీ కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.

పెట్టె భావనపాడు నుంచి తెచ్చాం,
రొయ్యలు మోసిన థర్మోకోల్ పెట్టె.
సబ్బు తగలకూడదని ఉప్పుతో తోమి
మూడు ఎండలు పెట్టినా
మూత తీస్తే ఇంకా సంత వాసనే.
చచ్చినవాటిని చల్లగా మొయ్యడమే తెలిసిన పెట్టెలోకి
మొదటిసారి ప్రాణాలెక్కాయి:
నాలుగు బంగారువి, ఒక నల్లది.
నల్లదాని పేరు బొగ్గులు.

బదిలీ నాది. ఊరు విజయనగరం.
సామాను లారీ రాత్రే వెళ్ళిపోయింది.
పెట్టెని ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో మా హైమవతి.
కొత్త బడి సంగతి అడగలేదు,
పాత స్నేహాల కోసం ఏడవలేదు.
"ఎండ ఏ పక్క పడుద్ది?" అంది, అంతే.
తవిటయ్య స్టీరింగు మీద చెయ్యేసి ఆలోచించాడు.
"పొద్దుటేల ఎడమేపు. నా ఎనక కూకో గుంటా."

టెక్కలి, కోటబొమ్మాళి.
ప్రతి స్పీడు బ్రేకరునీ
నిండుచూలాలిని దాటించినట్టు దాటించాడు.
మడపాం టోలు గేటు దగ్గర ఎవరో
అద్దంలోంచి తొంగి చూసి, "రొయ్యలేటి? కిలో ఎంత?"
"అమ్మకానికి కావు."
హైమ గొంతులో అంత కరుకు
నేనెప్పుడూ వినలేదు.

వంశధార మీద వంతెన.
కింద ఇసకలో పాయలు పాయలుగా నది,
పైన ఒళ్ళో నాలుగు లీటర్లు.
ఒకదాని సంగతి ఒకదానికి తెలీదు.

ఎచ్చెర్ల దాటాక మూత తీసి చూస్తే
నీళ్ళు కుడితిలా ఉన్నాయి.
బొగ్గులు పక్కకి ఒరిగిపోయింది.
హైమ చేపని చూడలేదు, నన్ను చూసింది.

చెప్పక తప్పలేదు.
తెల్లారగట్ల, ఎవరూ లేవకముందు,
చిటికెడు మేత వేశాను.
చిటికెడు కాదు, రెండు.
మా అమ్మ గానీ, వాళ్ళమ్మ గానీ
ఊరెళ్ళేవాళ్ళని పస్తుతో గడప దాటించలేదు.
కోపగించి వెళ్ళేవాడి సంచిలో కూడా
పెరుగన్నం మూట కట్టి పడేసేవాళ్ళు.
ఆ చెయ్యే నాదీ.
కడుపున్న జీవి కనపడితే ఆగదు.

తవిటయ్య నీడ చూసి కారాపాడు.
డిక్కీలో క్యాను నిండా పాత తొట్టి నీళ్ళు,
అదీ దాలినాయుడి మాటే.
గ్లాసుతో మురికి తోడింది హైమ,
గ్లాసుతో పలాసని పోసింది.
సంచి నోట గాలి పట్టి మెలేసి
బుడగలమ్మేవాడిలా రబ్బరు బిగించాడు తవిటయ్య.
"దీనికేటీ అవదు," అన్నాడు.
ఎవరికి చెప్పాడో తెలీదు.

రణస్థలంలో ఒరిగే ఉంది.
భోగాపురంలో మూత తియ్యనివ్వలేదు నన్ను.

కొత్త ఇల్లు. గోడలకింకా సున్నం ఘాటు.
తొట్టిలో సంచిని తేలేసి
పక్కన గొంతుక్కూచుంది.
ఒక గ్లాసు కొత్త నీళ్ళు.
పావుగంట.
ఇంకో గ్లాసు.
"ఒక్కసారి వదిలేస్తే పోలా?" అన్నాను.
"బెదిరిపోతాయి," అంది.

హోటలు నుంచి తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పితే
"వీటికి రేపటిదాకా పెట్టకూడదు" అంది.
మరి నీకో?
జవాబు లేదు.
మేత డబ్బా తన బడి సంచిలో దాచుకుంది.

అర్ధరాత్రి వంటింట్లో గిన్నె చప్పుడైంది.
మూటలు విప్పని సామాన్ల మధ్య నిలబడి
పొద్దుట నేను కట్టిన పెరుగన్నం
చేత్తో తింటోంది హైమ.
తొట్టిలో నల్లగా ఏదో కదిలింది, నిటారుగా.

స్విచ్చు మీదికి పోయిన చేతిని
వెనక్కి తీసుకున్నాను.