ఇరవై ఐదు డిగ్రీలు

కల్వకుర్తిల మే నెల.
రేకుల కింద నా బల్ల, బల్ల మీద
అంజిలమ్మ బోరు స్టార్టర్ బోర్డు.
కాలిన మాస్‌ఫెట్ మీద నంబరు చెరిగింది,
ఆఖరుది మూడో, ఎనిమిదో.

దానికి మోడల్ యాడా దొరకలే.
వరుసకు తమ్ముడయ్యేదాన్ని తెచ్చి
కంప్యూటర్ల కూసోబెట్టిన.
పెండ్లిచూపులకొచ్చిన పిల్లగాని లెక్క
అన్నిటికీ తలూపింది.

ఫైల్ల రాసుంది: ఇరవై ఐదు డిగ్రీలు.
ఈడ ఇరవై ఐదు ఎవరు చూసిండ్రు,
చలికాలం తెల్లారుగట్ల తప్ప?
కొట్టేసి, ఇనుప డబ్బా లోపలి వేడి వేసిన,
డెబ్బై.

ఇగ కరెంటు సంగతి.
అది ఏ ఫైల్ల లేదు, అంజిలమ్మకు ఎరుక.
"రాత్రి రెండింటికి బుగ్గ తెల్లగ మండుతది బిడ్డా,
పక్క చేన్ల మోటర్లు ఎత్తుకోంగనే ఎర్రగైతది,
అప్పుడు మాది మూలుగుతది."
ఆ మూలుగుకు ఓమ్‌లల్ల ఒక అంకె పెట్టిన.
తప్పింది. ఇంకోటి పెట్టిన.

నాలుగోసారికి
తెర మీది గీత సర్రున లేసి తెగింది,
బోర్డు మీద మసి ఉన్న జాగలనే.
కుర్చీల నుంచి లేసి నిలబడ్డ.

"బాగైందా?" అన్నది.
"లేదమ్మా,
ఇప్పుడే సరిగ్గ ఖరాబైంది."